కోత రోజు నుంచి వెనక్కి లెక్క: ఇంట్లోనే పూల నారు

(జనవరి 2026లో బోయిగూడలో జరిగిన పూల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేడ్చల్ నుంచి, భువనగిరి నుంచి రైలెక్కి వచ్చినవాళ్లున్నారు. శామీర్‌పేట, గజ్వేల్ వైపు నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లున్నారు. సికింద్రాబాద్ స్టేషన్ అందరికీ అందుబాటు కాబట్టి ఈ బోయిగూడలో కూచున్నాం. దగ్గర్లోనే మోండా మార్కెట్ ఉంది. అక్కడ పూలు మూరల లెక్కన, పావుకిలో లెక్కన అమ్ముతారు. అటు గుడిమల్కాపూర్‌లో మన పూలు కిలోల లెక్కన, బస్తాల లెక్కన దిగుతాయి. అక్కడ మనకు వచ్చే ధరకూ, ఇక్కడ కొనుక్కునే అక్క ఇచ్చే ధరకూ మధ్య తేడా ఎంతో మీకు చెప్పనక్కరలేదు. ఆ తేడా మీద సంఘం కొట్లాడుతూనే ఉంది, ఇక ముందూ కొట్లాడుతుంది. ఈ రోజు మాట్లాడేది మాత్రం అంతకు మూడు నెలల ముందు జరిగే పని గురించి. అంటే నారు గురించి.

పూల సాగులో మన చేతిలో లేనివి చాలా ఉన్నాయి. ధర మన చేతిలో లేదు. ఎండ మన చేతిలో లేదు. ఏప్రిల్‌లో రాళ్ల వాన పడితే ఆపలేం. మన చేతిలో పూర్తిగా ఉన్నవి రెండే: విత్తే తేదీ, పోసుకునే నారు. చాలా ఊళ్లలో ఇప్పుడు ఈ రెండూ కూడా చెయ్యి జారిపోతున్నాయి. నారు నర్సరీలో కొంటున్నారు. నర్సరీ అతను ఎప్పుడిస్తే అప్పుడే నాటుతున్నారు. అంటే మన కోత తేదీని ఇంకొకరు నిర్ణయిస్తున్నారు. "నారు పోసినవాడు నీరు పోయడా" అని సామెత. పూల రైతుకు ఆ సామెత పనికిరాదు. నారూ మనమే పోయాలి, నీరూ మనమే పోయాలి. ఎప్పుడు పోయాలో లెక్క కూడా మనమే కట్టాలి.

5 గుంటలు, 10 గుంటల్లో పూలు వేసేవాళ్లను మనసులో పెట్టుకుని ఈ మాటలు చెప్తున్నాం. వాళ్లకు పాలీహౌస్ లేదు, కూలీల మందా లేదు. ఇంటి వసారా, ఒక గది మూల, ఇంటిల్లిపాది చేతులు ఉన్నాయి. ఈ చలి చివరి రోజుల్లో నారు పెంచడానికి అవి చాలు.

ముందు పంచాంగం తీయండి

పూలను గుడి రోజూ కొంటుంది, కానీ కొద్దిగా కొంటుంది. ధర లేచేది పండుగలకు, పెళ్లి ముహూర్తాలకు. కాబట్టి నమ్మకం ఉన్నా లేకున్నా పూల రైతుకు పంచాంగం ఒక పనిముట్టు. నాగలి ఎట్లాగో ఇదీ అట్లాగే.

ఈ ఏడాది సంగతి చూద్దాం. శుక్ర మూఢం వల్ల మాఘమాసంలో పెళ్లిళ్లు లేవు. ముహూర్తాలు మొదలయ్యేది ఫిబ్రవరి మూడో వారం దాటాకే. ఉగాది మార్చి 19న వస్తోంది. చైత్రం, వైశాఖం పెళ్లిళ్ల కాలం. మధ్యలో ఏప్రిల్ మూడో వారంలో అక్షయ తృతీయ. ఆ తర్వాత మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అధిక మాసంలో పెళ్లిళ్లు చెయ్యరు. అంటే మే 16 తర్వాత నెల రోజులు పెళ్లి గిరాకీ పడిపోతుంది. మళ్లీ నిజ జ్యేష్ఠంలో నెల రోజులు ఉంటుంది. జులై మధ్య నుంచి ఆషాఢం. అప్పుడు పెళ్లిళ్లు ఉండవు గానీ లష్కర్ బోనాలుంటాయి.

దీన్ని బట్టి ఏం తేలింది? ఇప్పుడు విత్తే పంటకు మంచి గిరాకీ దొరికేది ఏప్రిల్ మొదటి వారం నుంచి మే 16 దాకా. ఆరు వారాలు. మన కోతలన్నీ ఆ ఆరు వారాల్లో పడేట్టు చూసుకోవాలి. ఈ ఉగాదికి ఇప్పుడు విత్తితే అందదు. దానికి డిసెంబరు చివరి వారంలోనే విత్తనం ట్రేలో పడి ఉండాలి. వచ్చే ఏడు ఉగాది ఏప్రిల్ 7న వస్తుంది. దానికి జనవరి మూడో వారంలో విత్తినా అందుతుంది. చూడండి, ఒకే పండుగ, ఏడాది తేడాలో విత్తే తేదీ మూడు వారాలు జరిగింది. "పోయిన ఏడు ఈ రోజే వేశాం" అంటే చెల్లదు. ప్రతి ఏడూ కొత్తగా లెక్క కట్టాలి.

వెనక్కి లెక్క ఎట్లా కట్టాలి

ఇంగ్లండ్, అమెరికాల్లో చిన్న పూల తోటలవాళ్లు కూడా చలి చివర్లో ఇంటి లోపలే నారు పెంచుతారు. అక్కడ బయట నేల గడ్డకట్టి ఉంటుంది, ఎండ చాలదు, అందుకని దీపాలు పెట్టి పెంచుతారు. తమ ప్రాంతంలో చివరి మంచు ఎప్పుడు కురుస్తుందో ఆ తేదీ పట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి వారాలు లెక్కేసి విత్తుతారు. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. కాకపోతే మనం లెక్క మొదలుపెట్టే చోటు వేరు. మనకు మంచు భయం లేదు. మనకున్న భయాలు మే నెల ఎండ, అడుగంటే బోరు, గిరాకీ లేని రోజు. అందుకని మనం కోత తేదీ నుంచి వెనక్కి లెక్కెయ్యాలి.

తొందరగా పూసే హైబ్రిడ్ బంతిని తీసుకుందాం. విత్తిన దగ్గర నుంచి నాటే దాకా ఈ చలిలో 22 నుంచి 25 రోజులు. నాటాక తొలి కోతకు సుమారు 50 రోజులు. తల తుంచితే ఇంకో 8, 10 రోజులు ఆలస్యం. మొత్తం 80 నుంచి 85 రోజులు. ఏప్రిల్ 5న తొలి కోత కావాలంటే జనవరి 10, 12 మధ్య విత్తాలి. కోతలు ఐదారు వారాలు సాగితే మే మధ్యకు వస్తాం. సరిగ్గా అధిక మాసం ముందు పంట ముగుస్తుంది.

తల తుంచాలా వద్దా అన్నది కూడా ఈ లెక్కలోదే. నాటిన మూడు నాలుగు వారాలకు తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, పూల సంఖ్య పెరుగుతుంది, కానీ తొలి కోత వెనక్కి జరుగుతుంది. పండుగ దగ్గర్లో ఉండి రోజులు తక్కువైతే తుంచకుండా వదలండి. రోజులుంటే తుంచండి.

ఇంకో జాగ్రత్త. అన్ని బంతులూ ఒక్క తీరుగా పూయవు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన పూసా నారంగి, పూసా బసంతి రకాలు మంచివే, గింజ దాచుకోవచ్చు. కానీ అవి విత్తిన నాలుగు నెలలకు గానీ పూతకు రావు. వాటిని ఇప్పుడు విత్తితే పూత నడి ఎండాకాలంలో, గిరాకీ ముగిసే వేళకు వస్తుంది. రకం పేరు, ఎన్ని రోజుల పంట అన్నది తెలుసుకోకుండా ప్యాకెట్ చింపొద్దు.

ఈ కాలానికి ఏవి, ఏవి కావు

బంతి కాక ఇంకేమున్నాయని చాలామంది అడిగారు. ఇప్పుడు విత్తి ఎండాకాలంలో కోయడానికి గైలార్డియా, బొగడబంతి, జిన్నియా పనికొస్తాయి. మూడూ ఎండకు ఓర్చుకుంటాయి. గైలార్డియా, బొగడబంతి నారు పోసి నాటుకోవచ్చు. బొగడబంతి పువ్వు ఎండినా రంగు తగ్గదు కాబట్టి ఆ రోజు అమ్ముడుపోకున్నా పూర్తిగా నష్టం కాదు. జిన్నియాకు వేరు కదిలితే నచ్చదు. దాన్ని నేరుగా సాలులో విత్తండి, లేదా ట్రేలో మూడు వారాలు దాటనీయకుండా వేరు మట్టితో సహా నాటండి. రెండు నెలల్లోనే పూస్తుంది, కాడతో కోసి బొకేలవాళ్లకు కట్టలుగా ఇవ్వొచ్చు.

ఆస్టర్ జోలికి ఇప్పుడు పోవద్దు. అది చల్లని వాతావరణం కోరే పువ్వు. విత్తాక పూతకు మూడు నెలలకు పైగా పడుతుంది. ఇప్పుడు విత్తితే ఏప్రిల్, మే ఎండల్లో పూసి పువ్వు చిన్నదైపోతుంది, కాడ పొడవు రాదు. దాన్ని వానాకాలంలో నారు పోసుకుందాం.

చామంతికి విత్తనంతో పని లేదు. అది పిలకలతో, కొమ్మ కత్తిరింపులతో వచ్చే పంట. పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడు పూసే గుణం దానిది. కోత అయిపోయిన చామంతిని ఇప్పుడు దున్నేయకుండా, బలమైన మొక్కలు కొన్ని గుర్తుపెట్టి, నేలకు జానెడు ఎత్తులో కోసి, నీడ దొరికే చోట బతికించుకోండి. వాటి పిలకలే వానాకాలం నాటుకు నారు. అది కూడా ఈ చలి చివర్లో చెయ్యాల్సిన పనే, పైసా ఖర్చు లేని పని.

ఎన్ని గుంటలకు ఎన్ని ట్రేలు

ఇప్పుడు కాగితం తీసి రాసుకోండి. గుంట అంటే 121 గజాలు. 5 గుంటలంటే 605 గజాలు, సుమారు 500 చదరపు మీటర్లు. సాలుకూ సాలుకూ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ మధ్య 45 సెంటీమీటర్లు పెడితే 1,850 మొక్కలు పడతాయి. మొలవనివి, చచ్చిపోయేవి, నాటాక సందులు పూడ్చుకునేవి కలిపి మరో 300 వేసుకోండి. మొత్తం 2,150. ఒక్కో ట్రేలో 98 గుంతలుంటాయి. 22 ట్రేలు పెడితే సరిపోతుంది. బంతి గింజలు గ్రాముకు 300 పైగానే తూగుతాయి. అంటే 5 గుంటలకు మనకు కావాల్సింది ఏడెనిమిది గ్రాములు. హైబ్రిడ్ అయితే గింజల లెక్కనే అమ్ముతారు కాబట్టి వెయ్యి గింజల ప్యాకెట్లు రెండు, పైన ఇంకో చిన్నది.

కొబ్బరి పొట్టు ఇటుక 5 కిలోలది నీళ్లలో నానితే 60 నుంచి 70 లీటర్లవుతుంది. 22 ట్రేలకు ఆ ఒక్క ఇటుక సరిపోతుంది.

ఈ 22 ట్రేలనూ ఒకే రోజు నింపొద్దు. జనవరి 10, 12 మధ్య 9 ట్రేలు, జనవరి 20కి 8 ట్రేలు, జనవరి 30కి 5 ట్రేలు. మొదటి దఫా ఏప్రిల్ మొదటి వారంలో కోతకు వస్తుంది, రెండోది ఏప్రిల్ మధ్యలో, మూడోది ఇరవయ్యో తేదీ దాటాక. మూడో దఫా ఎందుకు తగ్గించామంటే, దాని చివరి కోతలు అధిక మాసంలో పడతాయి. 5 గుంటలూ ఒక్కరోజే పూస్తే కోయడానికి ఇంట్లో చేతులు చాలవు. కైకిలి పెట్టి కోయిస్తే, ఆ రోజు ధర పడిపోయి ఉంటే, కైకిలి కూడా రాదు. పూలు బస్తాలతో సహా మార్కెట్ గేటు ముందు పారబోసి వెళ్లిన రోజులు మనలో చాలామంది చూశారు. దఫాలుగా వేస్తే ఒక కోత పోయినా ఇంకో కోత నిలబెడుతుంది.

ఇంట్లో నారు పెంచే పద్ధతి

వారం పది రోజుల ముందే ఎరువు తయారు చేసుకోవాలి. బాగా చివికిన పశువుల ఎరువు 9 కిలోలు, వేపపిండి 1 కిలో, ట్రైకోడెర్మా విరిడి 200 గ్రాములు కలిపి, తడి చల్లి, నీడలో గోనెపట్టా కప్పి ఉంచండి. నారుకుళ్లు రాకుండా ఇది మొదటి కాపలా. కొబ్బరి పొట్టును రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడిగి పిండండి. అందులో ఉప్పు ఉంటుంది, కడగకపోతే లేత వేరు మాడుతుంది. మూడు వంతుల పొట్టుకు ఒక వంతు ఈ ఎరువు జల్లించి కలపండి.

ఒక మాట. ఈ బోయిగూడలో టింబర్ డిపోలు చాలా ఉన్నాయి కదా, రంపపు పొట్టు చవకగా తీసుకుపోయి ట్రేల్లో నింపితే కాదా అని ఒక తమ్ముడు అడిగాడు. పచ్చి రంపపు పొట్టు వద్దు. అది కుళ్లేటప్పుడు మొక్కకు పోవాల్సిన నత్రజనిని తనే లాక్కుంటుంది, నారు పసుపు పచ్చగా తిరుగుతుంది. తీసుకుపోతే పశువుల కింద పరవండి, పెంటలో ఏడాది మాగనివ్వండి, ఆ తర్వాత పొలానికి వేయండి.

గుంతలో అరంగుళం లోపే గింజ పెట్టి పైన పలచగా పొట్టు కప్పండి. చిల్లుల డబ్బాతో తడపండి. ఇక్కడి నుంచే ఇంటి లోపలి పని. బంతి మొలవడానికి వెచ్చదనం కావాలి. జనవరి రాత్రుల్లో మెదక్, సిద్దిపేట వైపు చలి గట్టిగా ఉంటుంది. ఆరుబయట పెడితే మొలక ఆలస్యమవుతుంది, సగం ముందు సగం వెనక వస్తుంది. అందుకని ట్రేలను గదిలో, వంటింటి గోడ వైపు, ఒకదాని మీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ పట్టా కప్పండి. మూడో రోజు నుంచి పొద్దున, సాయంత్రం పట్టా ఎత్తి చూడండి. ఒక్క మొలక తల ఎత్తినా ఆ పూటే ట్రేలన్నీ విడదీసి వెలుతురులోకి తేవాలి. "రేపు చూద్దాం" అంటే రాత్రికి రాత్రే కాడ తెల్లగా దారంలా సాగుతుంది. అట్లా సాగిన నారు మళ్లీ లేవదు.

వెలుతురులోకి తెచ్చాక మనకు దీపాలు అక్కర్లేదు, ఎండ ధారాళంగా ఉంది. వసారాలో తూర్పు ఎండ తగిలే చోట, పైన నీడ వల కట్టి, ట్రేలను నేల మీద కాకుండా బల్ల మీదో, కర్రల మీదో పెట్టండి. కింద గాలి ఆడితే వేరు గుంత దాటి పోదు. చీమలు గింజలు ఎత్తుకుపోతాయి కాబట్టి బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. నీళ్లు పొద్దున్నే పోయాలి. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలిచి నారుకుళ్లు వస్తుంది. కాడ మొదట్లో మెత్తబడి నారు వాలిపోతుంటే ఆ గుంతలు తీసి పారేసి, మిగిలినవాటికి లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయండి. 12 రోజులకు, 18 రోజులకు లీటరుకు 2 గ్రాముల 19:19:19 ఇస్తే చాలు. ఎరువు ఎక్కువైతే నారు పొగరుగా పెరుగుతుంది, పొలంలో తట్టుకోదు.

చివరి ఐదు రోజులు నీడ వల తీసేసి ఎండ చూపించండి, నీళ్లు కొద్దిగా తగ్గించండి. నాలుగైదు ఆకులతో, పెన్సిల్ ములికంత కాడతో, వేరు పొట్టును పట్టుకుని ఊడి వస్తే అది నాటే నారు. సాయంత్రం పూట నాటి వెంటనే తడివ్వాలి.

ఇంట్లో పెంచుకుంటే అసలు లాభం ఇదే. నర్సరీలో ఎవరో రద్దు చేసుకున్న నారు, ముదిరిపోయిన నారు మన తలకు చుట్టొచ్చు. ట్రేలో ముప్పై అయిదు, నలభై రోజులు ఆగిన బంతి అక్కడే మొగ్గ వేస్తుంది, పొలంలో పెట్టినా గుబురు కట్టదు. పైసల లెక్క కూడా వేసుకోండి. నారు ఒకటి 3 రూపాయలనుకుంటే 2,000 మొక్కలకు 6,000. ఇంట్లో అయితే విత్తనం, ఒక ఇటుక పొట్టు, కాస్త ఎరువు. ట్రేలు జాగ్రత్తగా కడిగి దాస్తే రెండు మూడు పంటలకు వస్తాయి. మీ ఊరి ధరలు వేసి మీరే తేల్చుకోండి. అయితే ఆ లెక్కలో ఒక వరుస తప్పకుండా ఉండాలి: గింజ పెట్టిన చేతుల కైకిలి. ఈ పని ఎక్కువగా చేసేది ఇంట్లో అక్కలే. ట్రే నింపేది, పొద్దున్నే తడిపేది, రాత్రి పట్టా కప్పేది వాళ్లే. ఆ పనికి విలువ కట్టి రాయకపోతే "పూలు లాభమే" అన్న లెక్క అబద్ధమవుతుంది. మనం సర్కారును సాగు ఖర్చు సరిగ్గా లెక్కగట్టమని అడుగుతున్నాం. మన ఇంటి పుస్తకంలో కూడా సరిగ్గా రాద్దాం.

విత్తనం, రసీదు, హక్కు

ప్యాకెట్ మీద లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, చెల్లుబాటు తేదీ చూడండి. పూల విత్తనం తొందరగా సత్తువ కోల్పోతుంది, ఏడాది దాటినది కొనొద్దు. మొత్తం విత్తే ముందు 20 గింజలు తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఐదారు రోజులు చూడండి. 16 మొలిస్తే ముందుకు పోవచ్చు. 10 కూడా మొలవకపోతే విత్తకుండా ఆగి షాపుకు పోండి. అందుకే రసీదు, ఖాళీ ప్యాకెట్, కొన్ని గింజలు పంట అయ్యేదాకా దాచాలి.

నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతు వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, ఎం. మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని చెప్పింది. ఆ హక్కు వాడాలంటే చేతిలో రసీదు ఉండాలి. రసీదు ఇవ్వని చోట కొనొద్దు.

ఇంకో హక్కు కూడా మనకుంది. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు. హైబ్రిడ్ గింజ దాస్తే తల్లి లాంటి పువ్వు రాదు కాబట్టి దానితో లాభం లేదు. కానీ మన బతుకమ్మలో పేర్చే నాటు బంతి, సీతజడ మన ఊళ్లలోనే ఉన్నాయి. బాగా పూసిన పది మొక్కలు గుర్తుపెట్టి, పువ్వు మొక్క మీదే ఎండనిచ్చి, గింజ తీసి, నీడలో ఆరబెట్టి, గాజు సీసాలో పెట్టి తేదీ రాయండి. ఈ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 10న. తొందరగా పూసే రకమైతే జులై మూడో వారంలో నారు పోయాలి. నాటు రకమైతే అది మీ ఊళ్లో ఎన్ని రోజులకు పూస్తుందో పెద్దవాళ్లను అడిగి, అన్ని రోజులు వెనక్కి వెళ్లండి. లెక్క అదే, పండుగే వేరు.

నీళ్లు చూసుకుని నాటండి

చలికాలం చివర్లో నాటే పంటకు అసలు పరీక్ష ఏప్రిల్‌లో. ఇప్పుడు బోరు నిండుగా పోస్తోందని చూడొద్దు. పోయిన ఏడు ఏప్రిల్ చివర్లో ఎంతసేపు పోసిందో గుర్తు తెచ్చుకోండి. ఆ నీళ్లకు 3 గుంటలే తడిసేట్టుంటే 3 గుంటలకే నారు పోయండి. డ్రిప్పు ఉంటే సాళ్ల మధ్య ఎండుగడ్డి పరవండి, తడి నిలుస్తుంది. పువ్వు తడారిన నేలలో చిన్నదవుతుంది, చిన్న పువ్వుకు మార్కెట్‌లో ధర కోసేస్తారు.

కౌలుకు చేసే తమ్ముళ్లకు ఒక మాట. పట్నం చుట్టూ భూమి ప్లాట్లయిపోతోంది. ఈ ఏడు చేసిన చెలక వచ్చే ఏడు దొరుకుతుందో లేదో తెలియదు. అయినా ట్రేలు మీవి, గింజ మీది, నారు మీ వసారాలో ఉంది. భూమి మారినా అది మీతో వస్తుంది. 2011 సాగుదారుల చట్టం ప్రకారం కౌలు రైతుకు గుర్తింపు కార్డు రావాలని సంఘం అడుగుతూనే ఉంది. ఉద్యాన శాఖ అమలు చేసే సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో విడిపూలకు, కాడపూలకు, దుంపపూలకు సాయం ఉంది. ఈ ఏడు మీ మండలానికి ఏం వచ్చిందో ఉద్యాన అధికారిని రాతపూర్వకంగా అడగండి. ఆ సాయం 5 గుంటల రైతుకూ, కౌలు రైతుకూ అందాలన్నది మన డిమాండు.

ఊరంతా ఒకే రోజు వద్దు

ఒక్క ఇంట్లో మూడు దఫాలు వేసినంత మాత్రాన సరిపోదు. ఊళ్లో పన్నెండు మంది పూల రైతులుండి, పన్నెండు మందీ జనవరి 10నే విత్తితే, అందరి పూలూ ఒకే బండిలో ఒకే రోజు మార్కెట్‌కు పోతాయి. కొనేవాడు అక్కడే కూచుని ఉంటాడు, తొందర మనకు ఉంటుంది. పువ్వు రేపటికి ఆగదని అతనికి తెలుసు. ధాన్యమైతే నాలుగు రోజులు కుప్ప పోసి ఆగొచ్చు, పువ్వుకు ఆ ఓపిక లేదు. అందుకే పూల రైతుకు సంఘం అవసరం ఇంకా ఎక్కువ. మార్కెట్‌లో ఆగలేనివాళ్లం విత్తే దగ్గరే మాట్లాడుకోవాలి.

ప్రతి ఊళ్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. పేరు, ఎన్ని గుంటలు, ఏ పువ్వు, విత్తే తేదీ, అనుకున్న తొలి కోత తేదీ. రెండు వారాలకొకసారి పూల రైతులు కూచుని చూడండి. అందరి కోతలూ ఒకే వారంలో పడుతుంటే ఇద్దరు ముగ్గురు విత్తనం వారం వెనక్కి జరపండి, ఒకరిద్దరు బొగడబంతికో గైలార్డియాకో మారండి. నారు మిగిలినవాళ్లు తగ్గినవాళ్లకు ఇవ్వండి. బండి కలిసి మాట్లాడుకోండి. మార్కెట్‌లో ప్రతి బస్తాకూ తూకం, ధర, కోత రాసిన తక్‌పట్టీ అడిగి తీసుకోండి. ఆ తక్‌పట్టీలు నోటు పుస్తకంలో అంటించండి. ఏ వారం ఎంత పలికిందో వచ్చే జనవరిలో లెక్కకు అదే ఆధారం. కమీషన్ మీద అధికారుల ముందు కూచున్నప్పుడు మన చేతిలో ఉండే సాక్ష్యం కూడా అదే.

ఇక్కడి నుంచి ఇంటికి పోయాక చేయాల్సినవి నాలుగు పనులు. పంచాంగం తీసి కోత తేదీ పెట్టుకోండి. ఏప్రిల్ నీళ్లు చూసి ఎన్ని గుంటలో తేల్చుకోండి. 20 గింజలు తడిగుడ్డలో వేయండి. ఊళ్లో నోటు పుస్తకం తెరవండి. సంక్రాంతికి బిడ్డలు, అల్లుళ్లు వచ్చి ఇల్లు నిండుగా ఉంటుంది, ట్రేలు నింపడానికి చేతులు దొరుకుతాయి. మార్చి నెల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి ఊరూ తన పుస్తకం తెచ్చుకోవాలి. ఎవరి నారు ఎట్లా వచ్చింది, ఎన్ని మొలిచాయి, ఎన్ని చచ్చాయి, ఎందుకు చచ్చాయి అన్నీ అక్కడ మాట్లాడుకుందాం.